కందకు లేని దురద

పాఠ్యభాగ ఉద్దేశం

పెరటిలో పండే ఒక దుంపను ఆధారంగా చేసుకొని ప్రకృతికి, సేద్యానికి, వంటకు నడుమ ఉన్న సంబంధాన్ని తెలపడం. సామెతలలోను, వంటింటి అలవాట్లలోను దాగి ఉన్న పరిజ్ఞానాన్ని గుర్తించే దృష్టిని విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

"కందకు లేదు, చేమకు లేదు, కత్తిపీటకెందుకు దురద?" అనేది తెలుగునాట బహుళ ప్రచారంలో ఉన్న సామెత. సంబంధించినవారికే లేని బాధ సంబంధం లేనివారికి ఎందుకని ఎత్తిపొడిచే సందర్భంలో దీనిని ప్రయోగిస్తారు. ఈ మాట వంటింట్లో పుట్టిందనడంలో సందేహం లేదు. కత్తిపీట ముందు కూర్చొని కందను తరిగిన చేతులకే ఆ దురద ఎటువంటిదో తెలుస్తుంది. అయితే హాస్యంగా చెప్పిన ఈ మాటలో ఒక వృక్షశాస్త్ర సత్యం కూడా ఇమిడి ఉంది. కంద తనంతట తానుగా ఎవరి జోలికీ పోదు. దాని దురద దాని కణాలలో భద్రంగా మూతవేసి ఉంటుంది. కత్తి తగిలి ఆ కణం తెగినప్పుడే అది బయటపడుతుంది. అనగా కందలోని దురదకు తలుపు తీసేది కత్తిపీటే. ఇంతగా తనను తాను కాపాడుకొనే మొక్కను మనిషి ఏ విధంగా తన పెరటిలోకి, తన విస్తరిలోకి తెచ్చుకోగలిగాడో పరిశీలించడం ఆసక్తికరం.

తూర్పు గోదావరి జిల్లాలో రాజమహేంద్రవరానికి చేరువలో ఉన్న కడియం పేరు వినగానే ఎవరికైనా పూలమొక్కలు, నర్సరీలు గుర్తుకు వస్తాయి. 1847 - 1852 సంవత్సరాల మధ్య సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట నిర్మాణం జరిగింది. దాని నుండి సాగిన కాలువలు డెల్టా భూములకు జీవనాధారమయ్యాయి. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, వీరవరం గ్రామాలలో పెరిగిన మొక్కలు నేడు దేశంలోని అనేక రాష్ట్రాలకు లారీలలో తరలిపోతున్నాయి. కడియపులంక, బుర్రిలంక అనే పేర్లలోని 'లంక' అన్న పదమే ఈ నేల స్వభావాన్ని చెబుతుంది. నది తన ప్రవాహంతో తెచ్చి పోసిన ఒండ్రుమట్టి ఇది. వేలితో తవ్వినా వదులయ్యే ఇటువంటి నేలలో దుంపలు అడ్డంకి లేకుండా ఊరుతాయి. కనుకనే గోదావరికి ఇరువైపులా కంద పెరటి పంటగాను, పొలం పంటగాను, అరటి, కొబ్బరి తోటలలో అంతరపంటగాను స్థిరపడింది.

కడియం నర్సరీలకు, పెరటి కందకు మధ్య పైకి కనిపించని బంధుత్వం ఒకటి ఉంది. నీడపందిళ్ళ కింద వరుసలుగా పేర్చి అమ్మే మనీప్లాంట్, ఆంథూరియం, డిఫెన్‌బేకియా, కలాడియం, ఆగ్లోనిమా మొదలైన అలంకరణ మొక్కలన్నీ కందకు దాయాదులే. శాస్త్రజ్ఞులు ఆరేసీ అని వ్యవహరించే ఒకే కుటుంబంలో ఇవి, చేమ, కంద చేరుతాయి. కందలో ఉన్న దురద గుణం ఈ మొక్కలన్నింటిలోను హెచ్చుతగ్గులుగా ఉంది. డిఫెన్‌బేకియా ఆకును నమిలితే నాలుక వాచి మాట పెగలదు. అందువల్లనే ఆంగ్లంలో దానికి 'మూగ చెరకు' అనే అర్థం వచ్చే పేరు ఏర్పడింది. చిన్నపిల్లలు తిరిగే ఇళ్ళలో ఈ మొక్కను అందనిచోట ఉంచాలని చెప్పడానికి కారణం ఇదే. ఇంటి ముందు అందం కోసం పెంచే మొక్క, ఇంటి వెనుక ఆహారం కోసం పెంచే మొక్క ఒకే ఆయుధాన్ని ధరించి ఉన్నాయన్నమాట.

కంద శాస్త్రీయ నామం అమోర్ఫోఫాలస్ పియోనీఫోలియస్. సంస్కృతంలో దీనిని సూరణం అంటారు. హిందీలో జిమీకంద్, మలయాళంలో చేన, కన్నడంలో సువర్ణగడ్డె, బెంగాలీలో ఓల్ అనే పేర్లు దీనికి ఉన్నాయి. ప్రతి భాషలోను దీనికి సొంత పేరు ఉండటాన్ని బట్టి ఇది ఈ దేశపు జనజీవితంలో ఎంత పాతదో ఊహించవచ్చు. బంగాళాదుంప, చిలగడదుంప, కర్రపెండలం అమెరికా ఖండాల నుండి సముద్రాలు దాటి వచ్చినవి. కంద అటువంటిది కాదు. దక్షిణాసియా, ఆగ్నేయాసియా ప్రాంతాలే దీని పుట్టిల్లు.

ఈ మొక్క నిర్మాణం చూసేవారిని పొరబడేటట్లు చేస్తుంది. నేలలో నుండి నిటారుగా లేచి, ఆకుపచ్చని ఒంటిపై తెల్లని మచ్చలతో నిలబడే భాగాన్ని అందరూ కాండం అనుకొంటారు. నిజానికి అది ఆకు కాడ మాత్రమే. దానిపైన గొడుగు వలె విప్పారేది అనేక చీలికలుగా విడిన ఒకే ఒక ఆకు. అసలు కాండం నేలలో ఉంది. మనం దుంప అని పిలిచేది ఆ కాండమే. ఎండలో ఆ గొడుగు తయారుచేసిన పిండిపదార్థమంతా కిందికి దిగి ఆ కాండంలో నిలువ చేరుతుంది. నాటిన ముక్క మొలకెత్తి, తనలోని సారమంతా మొలకకు ధారపోసి క్రమంగా వడలి కృశించిపోతుంది. దానిపైన కొత్త దుంప ఊరుతుంది. ఏటేటా పాతది కరిగి కొత్తది రూపొందుతూ ఉండటం కంద జీవితంలోని విశేషం.

దుంప చాలినంత పెరిగిన తరువాత ఎప్పుడైనా ఒకసారి ఆకుకు బదులుగా పువ్వు వస్తుంది. ఊదారంగు కలిసిన ముదురు వర్ణంతో, నేలను అంటిపెట్టుకొని, పెద్ద గిన్నె వలె ఉండే ఈ పువ్వు కుళ్ళిన మాంసం వంటి దుర్వాసనను వెదజల్లుతుంది. ఆ వాసనకు ఆశపడి వచ్చే పురుగుల ద్వారా పరాగసంపర్కం జరుగుతుంది. ప్రపంచంలోని వృక్షోద్యానాలలో వికసించినప్పుడల్లా వార్తలకెక్కే టైటాన్ ఆరమ్ అనే మహాపుష్పం కంద ప్రజాతికి చెందినదే. సుమత్రా దీవిలో పెరిగే ఆ మొక్కను ఇటలీ దేశస్థుడైన ఒడోఆర్డో బెక్కారి 1878లో లోకానికి తెలియజేశాడు. జపాను ప్రజలు కొన్యాకు అనే పదార్థాన్ని తయారుచేసుకొనే దుంప కూడా ఈ ప్రజాతిలోనిదే. ఈ విధంగా గోదావరి పెరటిలోని కందకు దూరతీరాలలో సైతం బంధువర్గం ఉంది.

ఇక దురద విషయం. కంద కణాలలో కొన్ని కాల్షియం ఆక్సలేట్ అనే లవణాన్ని సన్నని సూదుల వంటి స్ఫటికాలుగా మార్చి నిలువ చేసుకొంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఈ సూదులు కట్టలు కట్టలుగా పేర్చినట్లు కనిపిస్తాయి. కణం తెగగానే ఇవి బయటికి దూసుకువచ్చి చేతి చర్మంలోను, నోటిలోని మృదువైన పొరలలోను గుచ్చుకొంటాయి. సూదులతో పాటు ఉండే కొన్ని మాంసకృత్తులు ఆ గాయాలలో చేరి మంటను, దురదను పెంచుతాయి. నేలలో కదలకుండా పడి ఉండి, నిండా పిండిపదార్థాన్ని నిలువ చేసుకొన్న దుంపను తవ్వి తినే జంతువులకు కొరత ఉండదు. పారిపోలేని మొక్కకు దురదే రక్షణ. అడవిలో పెరిగే కంద నోట పెట్టలేనంత దురదగా ఉండటానికి కారణం ఇదే. తరతరాలుగా తక్కువ దురద ఉన్న దుంపలనే ఏరి నాటుకొంటూ రావడం వల్ల నేటి తీయకంద రకాలు రూపొందాయి. ఈ ఎంపికను ఏ ఒక్కరో ఒక్కనాడు చేయలేదు. తినగలిగినదానిని దాచి నాటిన పేరు తెలియని రైతులు, ఇల్లాళ్ళు ఎందరో దీనిని సాధించారు.

పెరటిలో కంద పెంచడం కష్టమైన పని కాదు కాని, ఓపిక అవసరమైన పని. వేసవిలోనే నేలను సిద్ధం చేయాలి. మూరెడు లోతు, అంతకు కొంచెం ఎక్కువ వెడల్పు ఉండే గుంత తీసి కొన్నాళ్ళు ఎండనివ్వాలి. పైమట్టిని, బాగా మాగిన పశువుల ఎరువును, కొద్దిగా బూడిదను కలిపి గుంత నింపాలి. గుంతకు, గుంతకు మధ్య సుమారు 90 సెంటీమీటర్ల దూరం ఉంటే ఆకుగొడుగులు ఒకదానిపై ఒకటి పడకుండా విప్పుకొంటాయి.

విత్తనపు దుంపను కోయడంలోనే నేర్పు ఉంది. దుంప నడినెత్తిన మొలక వచ్చే కన్ను ఉంటుంది. ప్రతి ముక్కకూ ఆ కన్ను చుట్టూ ఉన్న వలయంలో కొంత భాగం వచ్చేటట్లు గుమ్మడికాయ బద్దల వలె నిలువుగా కోయాలి. ఆ భాగం లేని ముక్క ఎంత పెద్దదైనా మొలకెత్తడం కష్టం. అర కిలో మొదలు కిలో వరకు తూగే ముక్కలు నాటుకు తగినవి. కోసిన ముక్కలను చిక్కని పేడనీళ్ళలో ముంచి తీసి, నీడన ఆరనివ్వాలి. కోతగాయంలోకి తెగులు చేరకుండా ఈ పూత కొంతవరకు కాపాడుతుంది. తరువాత కన్ను ఉన్న వైపు పైకి ఉండేటట్లు గుంతలో ఉంచి మట్టి కప్పి, దానిపైన ఎండుగడ్డిగాని, అరటి ఆకులుగాని, కొబ్బరి మట్టలుగాని పరచాలి. ఈ కప్పు తేమను నిలుపుతుంది, కలుపును అణచుతుంది, చివరకు కుళ్ళి ఎరువుగా మారుతుంది.

నాటిన నెల, నెలన్నర వరకు పైకి ఏ గుర్తూ కనిపించదు. తొందరపడి తవ్వి చూసేవారు మొలకను విరిచి నష్టపోతారు. తొలకరి వానలతో మొలక పైకి లేచి, రోజుల వ్యవధిలోనే గొడుగు విప్పుతుంది. ఆ తరువాత కలుపు తీసి మొదటికి మట్టి ఎగదోయడం, ఎరువు వేయడం తప్ప పెద్ద పని ఉండదు. నీటి విషయంలో మాత్రం జాగ్రత్త వహించాలి. కందకు తడి ఇష్టమే కాని, మొదట్లో నీరు నిలిస్తే సహించదు. అటువంటిచోట బూజు తెగులు సోకి, నేలను అంటిన చోట ఆకుకాడ మెత్తబడి ఒరిగిపోతుంది. గోదావరి డెల్టాలో భారీ వర్షాలకు, తుఫానులకు మురుగు కదలని రోజులలో ఈ ప్రమాదం అత్యధికం. కనుక పెరటిలో కూడా కందను కొంచెం మెరకగా ఉన్నచోట నాటుకోవడం మంచిది. ఎనిమిది, తొమ్మిది నెలలు గడిచేసరికి ఆకు పసుపుపచ్చగా మారి, వాడి, నేలకు వాలిపోతుంది. చూసేవారికి మొక్క చనిపోయినట్లు తోస్తుంది. వాస్తవానికి దుంప పక్వానికి వచ్చిందనడానికి అదే గుర్తు. అర కిలో ముక్క నాటినచోట రెండు, మూడు కిలోల దుంప లభించడం సాధారణం.

వాలిన ఆకును చూసి వెంటనే తవ్వవలసిన అవసరం కూడా లేదు. నేల పొడిగా ఉన్నంతవరకు దుంప కొన్ని వారాలపాటు భూమిలోనే చెడకుండా ఉంటుంది. తవ్వి తీసినా, గాయపడని దుంపను గాలి తగిలే నీడపట్టున ఉంచితే నెలల తరబడి నిలువ ఉంటుంది. కూరగాయలు దొరకని రోజులలో పెరటి కంద ఇంటికి ధాన్యపు గాదె వలె అక్కరకు రావడానికి ఈ గుణమే కారణం.

పెరటిలో నాలుగు గుంతలు వేసుకొనేవారికి కంద నిశ్చింతనిచ్చే పంట. పొలంలో ఎకరాలకొద్దీ వేసే రైతుకు మాత్రం ఇది పెద్ద పందెం. గుంతల మధ్య 90 సెంటీమీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి సుమారు 5,000 ముక్కలు కావాలి. ముక్క అర కిలో చొప్పున లెక్కించినా అది 25 క్వింటాళ్ళ విత్తనం. ఎకరం వరి ఊడ్చడానికి 20 - 25 కిలోల విత్తనం చాలునన్న సంగతి గుర్తుంచుకొంటే ఈ తేడా అర్థమవుతుంది. పైగా కందలో తినే సరుకు, నాటే విత్తనం రెండూ ఒకటే. బజారులో కందకు ధర పలికిన ఏడాది విత్తనం ధర కూడా పెరుగుతుంది. ఆ ధరకు కొని నాటిన రైతు పంట చేతికి వచ్చేసరికి దాదాపు ఏడాది గడుస్తుంది. ఆలోగా ధర పడిపోతే పెట్టిన పెట్టుబడి కూడా తిరిగి రాదు. భూమిని కౌలుకు తీసుకొన్నవారికి ఈ నష్టం మరింత భారమవుతుంది. అమ్ముకోవలసిన దుంపలలో ఎన్నింటిని విత్తనానికి మిగుల్చుకోవాలన్న ప్రశ్న ప్రతి ఏటా కంద రైతు ఇంట్లో తలెత్తుతుంది. ఆ లెక్క తప్పితే ఆ ఏటి పంటే కాక, మరుసటి ఏటి పంట కూడా దెబ్బతింటుంది.

ఈ సమస్యల పరిష్కారానికి శాస్త్రజ్ఞులు కొంత కృషి చేశారు. రాజమహేంద్రవరానికి ఎదురుగా గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న కొవ్వూరులోని ఉద్యాన పరిశోధనా స్థానంలో స్థానిక కంద నుండి ఎంపిక చేసిన రకానికి 'గజేంద్ర' అని పేరు పెట్టారు. దుంప ఒంటికి పిలకలు లేకుండా నున్నగా ఉండటం, దురద బహు స్వల్పం కావడం, దిగుబడి అధికంగా ఉండటం దీని ప్రత్యేకతలు. గోదావరి ఒడ్డున పుట్టిన ఈ రకం దేశంలోని అనేక రాష్ట్రాలకు వ్యాపించింది. కేరళలోని తిరువనంతపురంలో 1963లో నెలకొల్పిన కేంద్రీయ దుంప పంటల పరిశోధనా సంస్థ విత్తనపు ఖర్చు తగ్గించే మార్గాన్ని చూపింది. 100 గ్రాముల చిన్న ముక్కలను దగ్గర దగ్గరగా నాటి, వచ్చిన చిన్న దుంపలను మరుసటి ఏడాది కోయకుండా విత్తనంగా వాడుకోవడం ఈ పద్ధతి. కోతగాయం లేని దుంపకు తెగులు భయం కూడా తక్కువ.

పండించడం ఒక ఎత్తు, వండటం మరొక ఎత్తు. కందను తరగబోయే ముందు చేతులకు నూనె రాసుకోవడం ఇంటింటా ఉన్న అలవాటు. నూనె పొర సూదులు చర్మంలో నాటుకోకుండా అడ్డుపడుతుంది. మట్టిని దులిపి, దుంపను తడి చేయకుండానే చెక్కు మందంగా తీయాలని పెద్దలు చెబుతారు. ముక్కలు కోసిన తరువాత చింతపండు నీళ్ళలోగాని, మజ్జిగలోగాని, బియ్యం కడిగిన నీళ్ళలోగాని కొంతసేపు ఉంచి, ఆపైన పసుపు, ఉప్పు వేసి మెత్తగా ఉడికించి నీరు వార్చుతారు. కణాల నుండి ఊడివచ్చిన సూదులలో కొన్ని కడుగులోనే పోతాయి. నీటిలో కరిగే ఆక్సలేట్లు వార్చిన నీటితో పోతాయి. దురదను పెంచే మాంసకృత్తుల స్వభావం వేడికి మారిపోతుంది. పులుపు తగిలితే దురద తగ్గుతుందన్నది వంటవారి చిరకాల అనుభవం. రసాయనశాస్త్రం పుట్టకముందే వంటిల్లు ఈ క్రమాన్ని తెలుసుకొన్నది. ఏ మెట్టునైనా విడిచిపెడితే ఆ తప్పును నాలుకే వెంటనే చెప్పేది. ఆ విధంగా పాఠం నిలిచింది.

గోదావరి జిల్లాల పెళ్ళివిందులలో, కార్తిక వనభోజనాలలో కంద-బచ్చలి కూరకు విశిష్ట స్థానం ఉంది. ఉడికించిన కంద ముక్కలలో తరిగిన బచ్చలి ఆకు, లేత కాడలు, పచ్చిమిర్చి, అల్లం వేసి మగ్గనిస్తారు. బచ్చలిలోని జిగురు పొడిపొడిగా ఉండే కందను దగ్గరకు చేరుస్తుంది. తరువాత చిక్కని చింతపండు గుజ్జు పోసి, ముక్కలు సగం చితికేవరకు ఉడికిస్తారు. నూనెలో మినపప్పు, శనగపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేయించి పోపు పెడతారు. చివరగా నీళ్ళు చిలకరించి నూరిన ఆవముద్దను, కూరను పొయ్యి మీద నుండి దించిన తరువాత కలుపుతారు. వేడి మీద ఎక్కువసేపు ఉంటే ఆవ ఘాటు ఎగిరిపోతుంది కనుక ఈ నియమం. కూర కొంతసేపు ఊరితే గాని ఆవ, పులుపు ముక్కకు పట్టవు. పచ్చిగా ఉన్నప్పుడు నోటిని బాధించే దుంప, ఇంత సంస్కారం పొందిన తరువాత పెళ్ళిపంక్తిలో మారు వడ్డించుకొనే వంటకంగా మారుతుంది. ఇది కాక కంద పులుసు, కంద వేపుడు, తురిమిన కందతో వేసే అట్టు కూడా ఇళ్ళలో చేసుకొనేవే. కేరళలో కొబ్బరితోను, బెంగాలులో ఆవాలతోను ఈ దుంపను వండుతారు.

ఆహారంగా చూస్తే 100 గ్రాముల కందలో సుమారు 18 గ్రాముల పిండిపదార్థం, గ్రాముకు పైగా మాంసకృత్తులు ఉన్నాయి. కొవ్వు బహు తక్కువ. పీచుపదార్థం, పొటాషియం తగుమాత్రంగా లభిస్తాయి. ఆయుర్వేదంలో సూరణానికి 'అర్శోఘ్నం' అనే పేరు కూడా ఉంది. మూలవ్యాధిని పోగొట్టేదని ఆ పేరుకు అర్థం. సంప్రదాయ వైద్యం దీనికి ఎటువంటి స్థానమిచ్చిందో దీనిని బట్టి తెలుస్తుంది. అయితే ఆక్సలేట్ల వల్ల మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడే స్వభావం ఉన్నవారు కందను మితంగా, వైద్యుని సలహాపై తీసుకోవాలి. సగం ఉడికిన కందను ఎవరూ తినరాదు.

దుంపను మచ్చిక చేసుకొన్న కథ ఒక్క తెలుగు నేలకే పరిమితం కాదు. పొద్దుతిరుగుడు ప్రజాతికి చెందిన సన్‌చోక్ అనే దుంపను ఉత్తర అమెరికాలోని ఆదిమజాతుల ప్రజలు పండించుకొనేవారు. ఫ్రెంచి యాత్రికుడు సామ్యూల్ ద షాంప్లేన్ 1605లో దానిని వారి తోటలలో చూశాడు. ఆ తరువాత అది ఐరోపా చేరింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీ ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సు దేశంలో బంగాళాదుంపలు సైన్యానికి తరలిపోగా, సామాన్యులు ఈ దుంపలతో ఆకలి తీర్చుకొన్నారు. దానిలోని ఇన్యులిన్ అనే పదార్థం సులభంగా జీర్ణం కాక కడుపు ఉబ్బరాన్ని కలిగిస్తుంది. కర్రపెండలంలో విషపదార్థమే ఉంది. చెక్కు తీసి, నానబెట్టి, బాగా ఉడికించి దక్షిణ అమెరికా ప్రజలు దానిని తమ ముఖ్యాహారంగా మార్చుకొన్నారు. తూర్పు గోదావరి మెట్ట ప్రాంతాలకు చేరిన ఆ కర్రపెండలం నుండే సగ్గుబియ్యం తయారవుతున్నది. నేలలో నిలువ ఉన్న ఆహారం ఏదైనా ఒక చిక్కుముడితోనే వస్తుంది. ఆ ముడిని విప్పే ఉపాయం దానిని పండించి వండుకొనే ప్రజల వద్ద ఉంటుంది.

అందువల్ల ఒక దుంపను కాపాడుకోవడమంటే దాని విత్తనాన్ని నిలుపుకోవడం మాత్రమే కాదు. ఎక్కడ కోస్తే మొలక వస్తుందో, ఎప్పుడు తవ్వాలో, ఎంతసేపు ఉడకాలో తెలిసిన మనుషులు కూడా ఉండాలి. నేడు పట్టణాలలో ఇళ్ళకు పెరడు లేదు. పల్లెలలో కూడా స్థలానికి విలువ పెరిగినకొద్దీ పెరడు చిన్నదవుతున్నది. దురద తక్కువగా ఉన్న రకాలు బజారులో సులభంగా దొరకడం మేలే కాని, చేతికి నూనె ఎందుకు రాసుకోవాలో తెలియని తరం కూడా వాటితో పాటే పెరుగుతున్నది. పుస్తకంలో రాసిన వంట పద్ధతి కొంతవరకే తోడ్పడుతుంది. ముక్క ఉడికిందో లేదో వేలితో నొక్కి చెప్పగలిగే అనుభవం మాత్రం ఒకరి పక్కన మరొకరు నిలబడి నేర్చుకోవలసిందే. కంద తవ్విన రోజున దుంపలన్నింటినీ వంటింటికి చేర్చక, మంచి కన్ను ఉన్న ఒక దుంపను నీడపట్టున ఆరబెట్టుకొనే ఇంటిలో ఈ జ్ఞానం ఇంకా జీవించి ఉంది. రాబోయే వేసవిలో దానిని కోసేటప్పుడు ఆ ఇంటి పిల్లలు పక్కన ఉండగలిగితే, మరొక తరానికి అది అందుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

ఒండ్రుమట్టి : నదీప్రవాహం తెచ్చి చేర్చిన సారవంతమైన మట్టి
దాయాదులు : ఒకే వంశానికి చెందినవారు
కృశించు : చిక్కిపోవు
పరాగసంపర్కం : పుప్పొడి కీలాగ్రాన్ని చేరడం
స్ఫటికం : నిర్దిష్టమైన ఆకారం గల ఘనపదార్థం
మెరక : ఎత్తైన నేల
పక్వం : పరిపూర్ణంగా ఎదిగిన స్థితి
గాదె : ధాన్యం నిలువచేసే కట్టడం
అర్శస్సు : మూలవ్యాధి

వ్యాకరణాంశాలు

జీవనాధారం = జీవన + ఆధారం – సవర్ణదీర్ఘ సంధి
అత్యధికం = అతి + అధికం – యణాదేశ సంధి
వృక్షోద్యానం = వృక్ష + ఉద్యానం – గుణసంధి

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కందలోని దురదకు కారణాలను, దానిని తొలగించే వంటింటి పద్ధతులను వివరించండి.
2. పెరటి కందకు, పొలం కందకు గల తేడాను రైతు దృష్టితో చర్చించండి.

ఆ) కింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కంద మొక్క నిర్మాణంలోని విశేషాలేవి?
2. 'గజేంద్ర' రకం ప్రత్యేకతలను తెలపండి.
3. కడియం నర్సరీ మొక్కలకు, కందకు గల బంధుత్వం ఏమిటి?

ఇ) మీ ఇంటిలో లేదా ఊరిలో వాడుకలో ఉన్న ఒక దుంపను గాని, ఆకుకూరను గాని ఎంచుకొని, దానిని పండించే పద్ధతిని, వండే పద్ధతిని పెద్దలను అడిగి తెలుసుకొని ఒక వ్యాసం రాయండి.